నిండిన చెరువు, వాడిన పత్తి: వాన లేమిని ఇంగ్లీషులో రాయడంపై ఒక కేస్ స్టడీ

2023 ఆగస్టు 19, శనివారం ఉదయం హనుమకొండలోని మా ఇంటికి ఒక యువతి వచ్చింది. ములుగు వైపు ఒక మండలంలో రైతు ఉత్పత్తిదారుల సంఘానికి సమన్వయకర్తగా పనిచేస్తోంది. చేలు తిరగడం, రైతులతో మాట్లాడడం, లెక్కలు రాయడం ఆమెకు కొట్టిన పిండి. ఇంగ్లీషులో నివేదిక రాయడం మాత్రం ఉద్యోగం కోసం నేర్చుకున్న పని. సంఘానికి సాయం చేసే సంస్థ వేరే రాష్ట్రంలో ఉంది కాబట్టి అక్కడికి వెళ్లే ప్రతి కాగితం ఇంగ్లీషులోనే వెళ్లాలి.

ఆమె చేతిలో నాలుగు పేజీల నివేదిక ఉంది. పత్తి చేలకు రక్షక తడి ఇవ్వడానికి ఒక డీజిల్ ఇంజను, పైపులు కావాలని ఆగస్టు 16 సాయంత్రం పంపింది. రెండు రోజుల్లో మూడు ప్రశ్నలతో తిరిగొచ్చింది. రెండో పేజీలో వరద అన్నారు, మూడో పేజీలో కరువు అన్నారు, మూడు వారాల్లో రెండూ ఎలా వచ్చాయి? మీ మండలాన్ని ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించిందా? చెరువులు నిండి మత్తడి దూకుతున్నాయని మీరే రాశారు, మరి పంటకు నీళ్లు లేవని ఎందుకు అంటున్నారు?

“వ్యాకరణం తప్పులు దిద్దిపెట్టండి సార్, మళ్లీ పంపుతాను” అంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో ఇంగ్లీషు రాత నేర్పుతున్నాను. తప్పులు దిద్దడం అరగంట పని. అయితే ఆ మూడు ప్రశ్నలూ వ్యాకరణం గురించి కావు. అడిగినవాళ్లకు ఆమె ఇంగ్లీషు అర్థమైంది. అర్థమైంది కాబట్టే నమ్మలేకపోయారు.

ఆమె అబద్ధం ఒక్కటీ రాయలేదన్నది ఈ కేసులో ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి. ఆ ఏడాది రుతుపవనాలు ఆలస్యంగా వచ్చాయి. జూన్ 8న గాని కేరళను తాకలేదు, మన దగ్గర విత్తనాలు పడేసరికి జూన్ చివరి వారం అయింది. జూలైలో ఆకాశం బద్దలైనట్టు కురిసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో జూలై 27 ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. రాష్ట్రంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలల్లో కురవాల్సింది ఏడు వందల పైచిలుకు మిల్లీమీటర్లు. ఇంచుమించు ఒక వానాకాలమంతా ఒక్క రోజులో పడిపోయిందన్న మాట. ఊళ్లు మునిగాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆగస్టు మొదలైంది, వాన ఆగిపోయింది. ఇదంతా చూసిన మనకు ఆమె రెండో పేజీ, మూడో పేజీ ఒకే కథ. చూడనివాళ్లకు అవి ఒకదాన్నొకటి కొట్టేసే రెండు మాటలు.

మొదటి ప్రతిలోని వాక్యం

మూడో పేజీ మొదటి వాక్యాన్ని ఆమె ఇంగ్లీషులో ఇలా రాసింది: ‘ఫ్రమ్ 19 డేస్ హెవీ డ్రౌట్ ఈజ్ దేర్.’ మా ఇద్దరి పనీ ఈ ఒక్క వాక్యం చుట్టూ సగం రోజు తిరిగింది. అందులోని ప్రతి మాటా ఒక ప్రశ్నకు తావిచ్చింది.

ముందు ‘హెవీ’ సంగతి. తెలుగులో భారీ వర్షం అంటాం, తీవ్రమైన కరువు అంటాం. ‘భారీ కరువు’ అని ఎవరైనా అంటే చెవికి అడ్డం తగులుతుంది. ఇంగ్లీషు చెవి కూడా అంతే. వానకు ‘హెవీ’, కరువుకు ‘సివియర్’. “మీకు ఈ తేడా తెలుగులో ముందే తెలుసు, ఇంగ్లీషులోకి దిగగానే వదిలేశారు” అన్నాను. ఆమె వెంటనే పట్టుకుంది. ఇంగ్లీషు మాటను తెలుగు మాట పక్కన పెట్టి దాని చుట్టాలెవరో అడిగితే చాలావాటికి జవాబు మన భాషలోనే దొరుకుతుంది. దీనికి తోడు ‘హెవీ’ అన్నది వాతావరణ శాఖ పత్రాల్లో కొలత ఉన్న మాట. ఒక రోజులో 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు పడితేనే భారీ వర్షం. 204.4 వరకు అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. కొలత ఉన్న మాటను ఊరికే బరువు కోసం వాడితే లెక్క తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

‘ఫ్రమ్ 19 డేస్’ మన ‘నుంచి’ చేసిన పని. పందొమ్మిది రోజుల నుంచి వాన లేదు అంటాం, జూలై 28 నుంచి వాన లేదు అని కూడా అంటాం. మనకు రెండింటికీ ఒకే ‘నుంచి’. ఇంగ్లీషులో ఎంత కాలంగా అని చెప్పాలంటే ‘ఫర్’, ఎప్పటి నుంచి అని చెప్పాలంటే ‘సిన్స్’. క్రియ కూడా మారాలి. మన ‘లేదు’ వర్తమానంలో నిలబడి వెనక్కి చూడగలదు. ఇంగ్లీషులో ఆ పనికి ‘హాజ్ నాట్ రెయిన్డ్’ అనే రూపం కావాలి. వరంగల్‌లో నా దగ్గరికి వచ్చే రాతల్లో నూటికి తొంభైలో కనిపించే తప్పు ఇది. అయినా ఎవరి నివేదికా ఈ ఒక్క తప్పు వల్ల తిరిగిరాదు. దిద్ది ముందుకు వెళ్లాం.

డ్రౌట్ అనే మాట దగ్గర

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఈ మాటను చాలామంది ‘థాట్’కు జోడుగా ‘డ్రాట్’ అని పలుకుతారు. అక్షరాలు అలాగే ఉన్నా పలకవలసింది మాత్రం ‘అవుట్’కు జోడుగా. పలుకుబడి కంటే పెద్ద సంగతి దాని పుట్టుక. ‘డ్రై’ అనే మాటకు ఇది తోబుట్టువు, పొడితనం అన్నది దాని మూలార్థం. అది పుట్టిన ఇంగ్లండులో ఏడాదంతా ఎంతో కొంత చినుకు పడుతూనే ఉంటుంది. అక్కడ వాన లెక్కలు సేకరించిన జి.జె. సైమన్స్ 1887లో దీనికి ఒక కొలత పెట్టాడు. వరుసగా 15 రోజులపాటు ఏ ఒక్క రోజూ అంగుళంలో నూరో వంతు వాన కూడా పడకపోతే అది సంపూర్ణ డ్రౌట్. అంగుళంలో నూరో వంతంటే పావు మిల్లీమీటరు. ఆ కొలతతో చూస్తే మన దగ్గర ఏటా చలికాలం, ఎండాకాలం కలిపి ఎన్ని ‘డ్రౌట్లు’ వస్తాయో! ఏడాది వానలో దాదాపు ఎనభై శాతం నాలుగు నెలల్లో పడే నేల మనది. ఫిబ్రవరిలో పదిహేను రోజులు చినుకు లేకపోతే ఎవరూ పట్టించుకోరు. ఆగస్టులో పదిహేను రోజులు లేకపోతే గుండె చేతిలో పట్టుకుని కూర్చుంటారు. కాబట్టి ఎన్ని రోజులు అన్న లెక్క ఒక్కటే చాలదు, ఏ నెలలో అన్నది దాని పక్కనే ఉండాలి.

మన దేశంలో ఈ మాటకు ఇంకో బరువు ఉంది. కరువును ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం వాన లోటు, సాగైన విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహ చిత్రాల్లో పైరు స్థితి, జలాశయాల మట్టం వంటివి చూసి, చేలల్లో తనిఖీ చేసి ప్రకటించాలి. అదే ఏడాది వాతావరణ శాఖ దేశవ్యాప్త లెక్కల్లో ఈ మాటను వాడడం మానేసి, లోటు సంవత్సరం, భారీ లోటు సంవత్సరం అనడం మొదలుపెట్టింది. ఇంత తతంగం ఉన్న మాటను ఒక నివేదికలో మామూలు విశేషణంలా వాడితే, చదివేవారు ‘ప్రకటించారా’ అని అడగడం న్యాయమే. రెండో ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది.

దానికి బదులు ‘డ్రై స్పెల్’ అని రాయమన్నాను. ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. “అది ఎన్ని రోజులుంటే అనాలి సార్?” నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. మాన్యువల్ తీసి చూశాం. రుతుపవనాలు రావలసిన తేదీ దాటాక వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారమూ సాధారణ వానలో సగం కంటే తక్కువ పడితే దాన్ని డ్రై స్పెల్ అంటారట. మన లెక్క 19 రోజులు, మూడు వారాలకు రెండు తక్కువ. ఒక బరువైన మాట తీసి ఇంకో కొలత మాట పెట్టబోయాను. ఆమె అడగకపోతే అలాగే పంపేవాళ్లం. చివరికి రోజుల సంఖ్యను ముందు పెట్టాం. ‘డ్రై స్పెల్’ను మామూలు అర్థంలో, ఆ సంఖ్యకు ఆనించి, ఒక్కసారి మాత్రమే వాడాం. సంఖ్య ముందుంటే పేరుపై ఎవరూ తగాదా పడరు.

‘మాన్సూన్ ఫెయిల్డ్’ అని కూడా ఒకచోట రాసింది. అది కొట్టేశాం. రుతుపవనాలు విఫలమయ్యాయి అన్నది కాలమంతా గడిచాక చెప్పే తీర్పు. ఆగస్టు మధ్యలో జరిగింది విరామం. వాతావరణ శాస్త్రంలో దానికి ‘బ్రేక్’ అనే పేరు ఉంది. అల్పపీడన ద్రోణి హిమాలయాల పాదాల దగ్గరికి జరిగితే అక్కడ కుండపోత, మధ్య భారతంలో, మన దగ్గర పొడి. ‘మునుపెన్నడూ లేని’ అనే అర్థంలో ఆమె వాడిన పెద్ద మాటనూ తీసేయించాను. 1901 తర్వాత దేశంలో ఇంత పొడి ఆగస్టు లేదని, లోటు 36 శాతమని తేలింది నిజమే. కానీ అది నెల ముగిశాక తెలిసింది. ఆగస్టు 16న రాసే మనిషికి ఆ మాట అనే హక్కు ఇంకా రాలేదు.

నోట్‌బుక్కు, రెండు ఫొటోలు

ఆమె సంచిలో ఒక చిన్న నోట్‌బుక్కు ఉంది. నివేదిక కంటే అది ఎన్నో రెట్లు మేలైన రాత, అదీ తెలుగులో. ‘జూలై 28: తడిపిన వాన. ఆగస్టు 3: తుంపర, చొక్కా తడవలేదు. ఆగస్టు 9: సాయంత్రం మబ్బు, నాలుగు చినుకులు.’ మండల కేంద్రంలోని వాతావరణ కేంద్రం లెక్క కూడా తెచ్చుకుంది. ఆ రెండు రోజులూ నమోదైనది 2.5 మి.మీ. కంటే తక్కువే. ఒక రోజును వాన రోజుగా లెక్కించాలంటే కనీసం 2.5 మి.మీ. పడాలి. అంటే జూలై 29 నుంచి ఆగస్టు 16 వరకు 19 రోజుల్లో ఒక్క వాన రోజూ లేదు. ఇంత గట్టి వాక్యం చేతిలో పెట్టుకుని ‘హెవీ డ్రౌట్’ అని ఎందుకు రాశావమ్మా అన్నాను. “అలా రాస్తేనే ఇంగ్లీషులా ఉంటుందనిపించింది” అంది. ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. తెలుగులో చొక్కా తడవలేదని రాయగలిగిన చెయ్యి, భాష మారగానే చూసింది వదిలి ఎక్కడో చదివింది రాసింది.

నివేదికలో ఆ రెండు తుంపరల గురించి ‘ఎ లిటిల్ రెయిన్’ అని ఉంది. ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఒక్క అక్షరం ఆమె వాదాన్ని తలకిందులు చేసింది. ‘ఎ లిటిల్ రెయిన్’ అంటే కొద్దిగానైనా పడింది అని అర్థం, కాస్త ఊరట వినిపిస్తుంది. ‘ఎ’ తీసేసి ‘లిటిల్ రెయిన్’ అంటే పడిందనడానికి లేదు అని అర్థం. ‘ఎ ఫ్యూ షవర్స్’, ‘ఫ్యూ షవర్స్’ కూడా ఇలాంటి జంటే. ఈ తేడాను మనం క్రియలో చూపిస్తాం. కొంచెం పడింది, పెద్దగా పడలేదు. ఇంగ్లీషు ఆ భారమంతా వాక్యం మధ్యలో ఉన్న చిన్న ‘ఎ’ మీద వేస్తుంది. తెలుగులో అలాంటి మాటే లేదు కాబట్టి మనవాళ్లకు అది ఉన్నా లేకున్నా ఒకటే అనిపిస్తుంది. వాన లేమి గురించి రాసేటప్పుడు ఈ ‘ఎ’ని మించి జాగ్రత్తగా చూడవలసిన మాట ఇంకొకటి లేదని నా నమ్మకం.

తర్వాత ఆమె ఫోనులో ఫొటోలు చూశాం. నివేదికలో ‘భూమి నెర్రెలు బారింది, రైతులు ఆకాశం వైపు చూస్తున్నారు’ అనే భావం వచ్చే రెండు వాక్యాలున్నాయి. ఫొటోలో ఉన్నది ఎర్ర చెలక, అంటే తేలికపాటి ఎర్రనేల. నెర్రెలు నల్లరేగడిలో పడతాయి. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది కాబట్టి పగుళ్లు లోతుగా దిగుతాయి. చెలక నేల అలా పగలదు. వాన దెబ్బకు పైమట్టి చదునై, ఎండకు బిళ్లలా గట్టిపడుతుంది. చదివే సంస్థలో వ్యవసాయం తెలిసినవాళ్లు ఉంటారు. నివేదికకు జత చేసిన ఫొటోలో ఒక్క పగులూ లేకుండా వాక్యంలో మాత్రం నెర్రెలు ఉంటే మిగతాదంతా కూడా చూడకుండానే రాశారనుకుంటారు.

ఫోనులో ఒకే సాలు ఫొటోలు రెండున్నాయి. ఒకటి మధ్యాహ్నం రెండున్నరకు తీసింది. పత్తి ఆకులు చెయ్యి వేలాడేసినట్టు కిందికి వాలి ఉన్నాయి. రెండోది మర్నాడు ఉదయం ఆరున్నరది. అవే మొక్కలు, ఆకులు నిటారుగా లేచి ఉన్నాయి. ఈ రెండో ఫొటోను ఆమె నివేదికలో పెట్టలేదు. పంట బాగున్నట్టు కనిపిస్తుందని భయపడింది.

అప్పుడే ఊళ్లో ఉన్న ఆమె మేనత్తకు ఫోను చేశాం. ఆ చేను ఆవిడదే. స్పీకరు పెట్టి “అత్తా, చేను ఎట్లా ఉంది?” అని అడిగింది. అవతలి నుంచి వచ్చిన జవాబును నేను అప్పటికప్పుడే రాసుకున్నాను: “పదును పోయింది బిడ్డా. మధ్యాహ్నానికి ఆకు వాలుతోంది, పొద్దునకు మళ్లీ లేస్తోంది. పొద్దున కూడా లేవని రోజు వచ్చిందంటే నువ్వు ఇంజను తెచ్చినా దండగే.”

నివేదిక ముఖ్యంగా చెప్పవలసింది ఆ మూడు వాక్యాల్లో ఉంది. నీళ్లు ఎందుకు కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఆలస్యమైతే ఏమవుతుంది, అన్నీ ఉన్నాయి. మొక్క పగలు పీల్చుకోలేని నీటిని రాత్రి చల్లదనంలో కొంత కూడగట్టుకుని తేరుకుంటోంది. రాత్రి కూడా తేరుకోలేని స్థితికి వస్తే గూడ (పూమొగ్గలు), పూత రాలిపోతాయి. ఉదయం ఫొటో పంట బాగుందనడానికి రుజువు కాదు, ఇంకా సమయం ఉందనడానికి రుజువు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టమన్నాను. రైతులు ఆకాశం వైపు చూస్తున్నారన్న వాక్యం తీసేశాం. ఆవిడ చూస్తున్నది ఆకాశాన్ని కాదు, ప్రతి ఉదయం ఆకును.

అతికించిన చోట్లు

మూడో ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు, రాయాలని తోచలేదు, అంతే. చెరువు కట్టకు దిగువన ఉన్న వరి మడులకు తూము నీళ్లు అందుతాయి. పత్తి చేలు కట్టకు ఎగువన, మెరక మీద ఉన్నాయి. నీరు పైకి ఎక్కదు. అందుకే ఇంజను అడుగుతున్నారు. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన ప్రాంతంలో ఈ సంగతి పిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు. బయటివారికి చెప్పాలి. వాన లేకపోవడం ఒకటి, చెరువులు, బావులు ఎండిపోవడం ఒకటి, పైరు వేళ్ల దగ్గర తేమ లేకపోవడం ఒకటి. ఈ మూడూ కలిసి రావాలని లేదు. ఆ ఆగస్టులో మొదటిది, మూడోది ఉన్నాయి, రెండోది లేదు. తెలుగులో మూడోదానికి ‘బెట్ట’ అనే చక్కని మాట ఉంది. ఇంగ్లీషులో ‘మాయిశ్చర్ స్ట్రెస్’. నివేదిక మొత్తంలో ‘డ్రౌట్’ ఉన్న చోట్లలో చాలావాటికి అసలు కావలసిన మాట ఇదే.

మొదటి ప్రశ్నకు జవాబు ఇంకా ఆసక్తికరం. వరద, పొడి రోజులు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు, మొదటిదే రెండోదాన్ని పెంచింది. జూలై చివర నీళ్లు నిలిచిన చేలల్లో వేళ్లకు గాలి అందక అవి లోతుకు దిగలేదు. పైపొరలోనే ఉండిపోయిన వేళ్లు, పైపొర ఎండగానే దాహానికి గురయ్యాయి. ఇది ఆమె వాక్యాల్లో ఎక్కడా లేదు. రెండో పేజీలో వరద వాక్యం దగ్గర చుక్క పెట్టి, మూడో పేజీలో కొత్తగా మొదలుపెట్టింది. ఇంగ్లీషు సరిగ్గా రాదన్న బెరుకు ఉన్నవాళ్లు పొట్టి వాక్యాల్లో తలదాచుకుంటారు. నేనూ మొదట్లో అదే నేర్పేవాణ్ని. పొట్టి వాక్యం తప్పుల నుంచి కాపాడుతుంది, కారణాన్ని మాత్రం బయటే వదిలేస్తుంది. ‘అందువల్ల’, ‘అయినప్పటికీ’ అనే రెండు అతుకులు వేయగానే మొదటి ప్రశ్న మాయమైంది.

వాన మొత్తం గురించి కూడా ఒక వాక్యం చేర్చవలసి వచ్చింది. ఆ సంస్థవాళ్లు జిల్లా లెక్క తెరిచి చూస్తే అప్పటికి కురిసింది సాధారణం కంటే ఎక్కువే అని కనిపిస్తుంది. సాధారణానికి 19 శాతం అటూ ఇటూ ఉంటే సాధారణం, 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు, 60 లేదా అంతకు మించితే భారీ లోటు. మనది లోటులో లేదు, మిగులులో ఉంది! జూలై చివరి వారం మొత్తాన్ని పైకి లేపింది. ఈ సంగతిని దాచకుండా మనమే ముందు చెప్పి, మొత్తం ఎక్కువైనా పంపిణీ చెడిందని రాశాం. దానికి ‘ఎర్రాటిక్’ అన్న మాట సరిగ్గా సరిపోయింది. ‘స్కాంటీ’ సరిపోదు, అది పరిమాణం చాలకపోవడం. ఒకప్పుడు 60 శాతం, అంతకు మించిన లోటుకు వాతావరణ శాఖ వాడిన పేరు కూడా అదే. ‘స్కేర్స్’ అంటే అవసరానికి దొరకకపోవడం, తాగునీటికి బాగుంటుంది. ‘స్పార్స్’ అంటే పలచగా అక్కడొకటి ఇక్కడొకటి, చెట్లకో ఇళ్లకో చెప్పుకోవాలి. ‘ఎరిడ్’ ఒక ప్రాంతపు శాశ్వత స్వభావం, ఒక నెల వాతావరణానికి తగదు.

తేదీల దగ్గర ఇంకో చిన్న మెలిక. ఊళ్లో అందరూ 26 రాత్రి వాన అంటారు, రికార్డులో 27 అని ఉంటుంది. వాన రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది, కొలిచిన రోజు తేదీనే వేస్తారు. ఆమె ఒక పేజీలో 26, ఇంకో పేజీలో 27 రాసింది. రెండూ నిజమే కానీ ఒక కాగితంలో ఒకటే ఉండాలి.

పంపిన ప్రతి

నాలుగు పేజీలు ఒకటిన్నర పేజీ అయ్యాయి. అసలు పేరా తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల వానకు మా సభ్యుల పత్తి చేలల్లో నీరు నిలిచి, వేళ్లు లోతుకు దిగలేదు. జూలై 28 తర్వాత ఆగస్టు 16 వరకు 19 రోజుల్లో మండల కేంద్రంలో ఒక్క రోజు కూడా 2.5 మి.మీ. వాన నమోదు కాలేదు. అందువల్ల, ఈ కాలపు మొత్తం వాన సాధారణం కంటే ఎక్కువే అయినప్పటికీ, గూడ, తొలి పూత దశలో ఉన్న పత్తి బెట్టకు గురైంది. చెరువులు నిండుగా ఉన్నాయి, కానీ ఈ చేలు కట్టకు ఎగువన ఉన్నాయి. ఆకులు మధ్యాహ్నం వాడి, ఉదయానికి తేరుకుంటున్నాయి. అవి తేరుకుంటున్నన్ని రోజులే రక్షక తడి పనికొస్తుంది.’ ఇందులో ‘డ్రౌట్’ లేదు. ఆఖరి రెండు వాక్యాలు మేనత్తవి. వాటిని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు నేను ఒక్క విశేషణం కూడా చేర్చలేదు.

మాకు లొంగని మాటలూ ఉన్నాయి. ‘పదును’ను ఇంగ్లీషులో ఒక్క మాటలో పట్టుకోలేకపోయాం. నేలలో తేమ అంటే సరిపోదు, నాగలికీ విత్తుకూ వేరుకూ సరిగ్గా కుదిరే తేమ అది. చివరికి ‘వేళ్లకు అందే తేమ’ అనే అర్థంలో నాలుగు మాటలు వాడాం. ఫోను పెట్టేసే ముందు మేనత్త ఒక సామెత చెప్పింది. మఖ కార్తె అప్పుడే మొదలైంది. “మఖ పుబ్బలు వరపైతే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే” అంది. ఆ యువతి దాన్ని కూడా నివేదికలో పెడదామంది. చాలాసేపు ప్రయత్నించాం. ‘వరపు’కు ‘రెయిన్‌లెస్’ అని పెట్టొచ్చు, మఖ పుబ్బలను ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు అని విప్పొచ్చు. అలా విప్పేసరికి సామెత మీద అడుగుకో వివరణ వచ్చి పడింది. చివరికి వదిలేశాం. ఆమెకు అది నచ్చలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుగు సామెతను ఉన్నదున్నట్టు పెట్టి, కింద ఒక వాక్యంలో భావం రాసి ఉండవలసిందనిపిస్తోంది.

ఆ మధ్యాహ్నమే మా ఇంటి నుంచే పంపింది. సోమవారం జవాబు వచ్చింది. ఈసారి ఒక్కటే ప్రశ్న ఉంది: చెరువు గట్టు నుంచి పై చేను వరకు ఎన్ని మీటర్ల పైపు కావాలి?